మానసిక చికిత్సాలయములలో జాతిభేదము

మలేరియా క్రిమిని మోయు దోమ తాను కుట్టబోవు మనిషి తెల్లవాడా, నల్లవాడా అని విచారింపదు. మశూచి దొరల బంగళాలలోను, పూరిగుడిసెలలోను ఒకే తీరున ప్రవేశించెడిది. మనస్సునకు వచ్చు వ్యాధులును ఇట్టివే. లేని మాటలు వినిపించుట, కారణము లేని భయము, నెలల తరబడి వీడని దుఃఖము, పట్టరాని ఉద్రేకము మున్నగు లక్షణములు అన్ని దేశముల ప్రజలలోను కానవచ్చుచున్నవి. ఐనను ఒకప్పుడు ఈ వ్యాధులకు చికిత్స చేయు ఆసుపత్రులను రోగి చర్మపు రంగును బట్టి వేరువేరుగ కట్టిరి. మన దేశములో రాంచీ పట్టణము చెంత కాంకే అను చోట రెండు పెద్ద మానసిక చికిత్సాలయములు ఒకదానికొకటి సమీపముననే వెలసెను. ఒకటి యూరోపియనులకు, మరియొకటి భారతీయులకు. ఆనాడు బీహారులో ఉండిన ఆ ఊరు నేడు జార్ఖండ్ రాష్ట్రములో ఉన్నది.

ఈ విభజనకు వైద్యశాస్త్రములో ఏమైన ఆధారము కలదా? దానివలన ఎవరికి ఏమి దక్కినది, ఎవరికి ఏమి దక్కలేదు? ఈ ప్రశ్నలకు సమాధానము కావలెనన్న, ముందుగా ఆ కాలమున తెలుగు దేశములోని రోగికి పట్టిన దారిని తెలిసికొనవలెను.

నందిగామ నుండి వాల్తేరుకు

కృష్ణాజిల్లా మెట్టప్రాంతములోని నందిగామ, జగ్గయ్యపేటల వంటి ఊళ్ళలో నూటయేబది ఏండ్ల క్రిందట ఒక మనిషికి మతి చలించినదనుకొందము. ఇంటివారు మొదట గాలి సోకినదనియో, దయ్యము పట్టినదనియో తలచెడివారు. తాయెత్తు కట్టించుట, గుడివద్ద నిద్ర చేయించుట, నాటువైద్యుని చేత పసరు పోయించుట వాడుకలో ఉండెడివి. ఉన్మాదము శరీర దోషముల వలనను కలుగునని ఆయుర్వేదము ఏనాడో చెప్పినది. చరకసంహిత ఉన్మాదమును ఐదు విధములుగ విభజించినది. కాని ఆ శాస్త్రజ్ఞానము ప్రతి పల్లెకును అందుబాటులో ఉండెడిది కాదు. రోగి శాంతముగ ఉన్నచో ఇంటి పంచలోనే కాలము గడచిపోయెడిది. వీధుల వెంట తిరిగినను, ఎవరినైన కొట్టినను సంగతి సర్కారు వరకు పోయెడిది.

1858 సంవత్సరపు 36వ చట్టము ప్రకారము, దిక్కులేక తిరుగాడు పిచ్చివారిని, అపాయకరులైన వారిని పోలీసువారు మేజిస్ట్రేటు ఎదుట హాజరు పరచవలెను. వైద్యాధికారి సర్టిఫికెట్టు ఇచ్చి, మేజిస్ట్రేటు ఉత్తరువు చేసిన తరువాత రోగిని పిచ్చాసుపత్రికి పంపెడివారు. ఇందులో గమనింపదగిన విషయమొకటి కలదు. ఆసుపత్రికి పోవు బాట వైద్యుని ఇంటి ముందునుండి గాక పోలీసు ఠాణా, కచేరీల మీదుగా సాగినది. రోగికిని నేరస్థునికిని తేడా లేని ఈ మార్గము, పిచ్చాసుపత్రి అన్నంతనే జైలు గుర్తుకు వచ్చునట్లు చేసినది.

ఉత్తరువు పొందిన తెలుగు రోగికి రెండు చోట్లు ఉండెను. ఒకటి చెన్నపట్నము. రెండవది 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున వెలసిన వాల్తేరు ఆసుపత్రి. నందిగామనుండి రెండును దూరమే. దగ్గరి దనుకొన్న వాల్తేరు సుమారు 400 కిలోమీటర్లు. బంధువులు మరల మరల పోయి చూచి వచ్చు దూరము కాదు. జగ్గయ్యపేటకు పడమట కొద్ది మైళ్ళు దాటినచో నైజాము రాజ్యము వచ్చెడిది. అచ్చట బ్రిటిషు ఇండియా చట్టము లేదు. నిజాము ప్రభుత్వపు పిచ్చాసుపత్రి చాలకాలము మరాఠ్వాడాలోని జాల్నాలో ఉండి, 1950 దశకములో హైదరాబాదు ఎర్రగడ్డకు తరలి వచ్చినది. సరిహద్దుకు ఇవతల పుట్టినవాడు తూర్పు సముద్రతీరమునకు, అవతల పుట్టినవాడు దక్కను పీఠభూమి నడుమకు పోవలసి ఉండెను. ఒకే భాష మాట్లాడు, ఒకే వ్యాధి గల ఇద్దరు రోగుల గతిని ఈ విధముగ రాజ్యముల సరిహద్దు నిర్ణయించినది. చర్మపు రంగు గీచిన సరిహద్దు ఇంతకంటె కఠినమైనది.

చెన్నపట్నములో వేరు వసతులు

మద్రాసులో మొదటి పిచ్చాసుపత్రిని 1794 లో వాలంటైన్ కనోలీ అను సర్జను స్థాపించెను. ఈస్టిండియా కంపెనీ సైన్యములోను, కొలువులోను ఉండిన తెల్లవారిలో మతి చలించినవారికి వసతి కల్పించుట ఇట్టి సంస్థల ముఖ్యోద్దేశములలో ఒకటి. క్రమముగ భారతీయ రోగులను కూడ చేర్చుకొనిరి. కాని ఒకే ప్రాకారములో ఉన్నను వసతులు వేరు, భోజనము వేరు, చూచుకొను తీరు వేరు. 1871 లో ఈ ఆసుపత్రి కిల్పాకులోని క్రొత్త ఆవరణకు 145 మంది రోగులతో తరలినది. 1922 లో దానికి ప్రభుత్వ మానసిక చికిత్సాలయమను పేరు వచ్చినది. తెలుగువారి నోట ‘కీల్పాకు’ అను మాట పిచ్చాసుపత్రికి మారుపేరు అగుటకు ఇదియే కారణము.

బెంగాలులో ఇంకొక పద్ధతి నడచినది. అచ్చట తెల్లవారికి, భారతీయులకు పూర్తిగ వేరువేరు ఆసుపత్రులను ఏర్పరచిరి. కలకత్తాలోని భవానీపూర్ ఆసుపత్రి యూరోపియనులకును, వారి సంతతియైన ఆంగ్లో-ఇండియనులకును చెందినది. ఇదియే తరువాత రాంచీ ఆసుపత్రికి మూలమైనది.

తెల్లవారిని వేరుగ ఉంచుటతో ఆనాటి పాలకులు తృప్తి చెందలేదు. త్వరలో కోలుకొనని యూరోపియను రోగులను ఓడ ఎక్కించి ఇంగ్లండు పంపివేసెడివారు. 1818 నుండి వీరిని లండను చెంత హాక్నీలోని పెంబ్రోక్ హౌసులో ఉంచిరి. 1870 లో ఈలింగ్ అను చోట వీరికొరకే ఒక రాజకీయ ఆసుపత్రిని తెరచి, 1892 వరకు నడిపిరి. ఇంత వ్యయమునకు, శ్రమకు కారణమేమి? స్వదేశపు చల్లని గాలి రోగికి మేలు చేయునను నమ్మకము ఒకటి. పాలకుల ప్రతిష్ఠ రెండవది. తెల్లవాడు బుద్ధిబలముచే ఏలుచున్నాడని ప్రజలు నమ్మవలెనన్న, బుద్ధి తప్పిన తెల్లవాడు వారి కంట పడరాదు. అనగా గోడను కట్టినది రోగి కొరకు మాత్రమే కాదు. చూచువారి కొరకు కూడ.

గంజాయి లెక్కలు

వేరు వసతుల వెనుక వేరు సిద్ధాంతములును పుట్టినవి. భారతీయుని మనస్సు సరళమైనదనియు, నాగరకతతో వచ్చు మనోవ్యాధులు అతనికి తక్కువ అనియు, అతని పిచ్చికి ముఖ్యకారణము గంజాయి అనియు పలువురు వైద్యాధికారులు వ్రాసిరి. ఆసుపత్రుల వార్షిక నివేదికలలోని పట్టికలు ఈ మాటను బలపరచుచున్నట్లే కనబడెను.

1893 లో ప్రభుత్వము నియమించిన గంజాయి విచారణ సంఘము ఈ పట్టికలను వదలక పరీక్షించినది. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఈ ఘట్టమును ప్రత్యేకముగ తెలిసికొనదగును. 1892 లో బ్రిటిషు ఇండియాలోని ఆసుపత్రులలో చేరిన రోగులు 1,344 మంది. వారిలో 222 మందికి గంజాయి, భంగు, చరస్ వలన పిచ్చి కలిగినదని రికార్డులు చెప్పినవి. సంఘము ఒక్కొక్క రోగి విషయమును అతని ఊరివరకు పోయి విచారింపజేసినది. చివరకు ఆ కారణము నిలిచినది 98 మంది విషయములో మాత్రమే. వీరిలోను 61 మందికే అది ఏకైక కారణముగ మిగిలినది. అనగా నూటికి నలుగురు, ఐదుగురు.

మిగిలిన సంఖ్య ఎట్లు వచ్చినది? రోగిని తెచ్చిన పోలీసు ఉద్యోగి ఒక వివరపత్రమును నింపవలెను. అందులో ‘కారణము’ అను గడి ఒకటి ఉండెను. దానిని ఖాళీగ వదలిన పై అధికారి ప్రశ్నించును. రోగి ఎప్పుడో గంజాయి త్రాగినాడని ఎవరో అన్నచో అదియే గడిలోనికి ఎక్కును. ఆసుపత్రి గుమాస్తా దానిని పుస్తకములోనికి దించును. సూపరింటెండెంటు దానిని వార్షిక పట్టికలో కూడును. పట్టిక అచ్చైన పిమ్మట అది శాస్త్రసత్యమగును. ఊహ ఒక గడినుండి మరియొక గడికి ప్రయాణము చేసినంత మాత్రమున ప్రమాణము కాజాలదు. మొదటి గడిలో ఏమి వ్రాసిరో, ఎవరు వ్రాసిరో, ఎట్లు తెలిసి వ్రాసిరో విచారించినప్పుడే గణాంకమునకు విలువ.

కాంకేలో రెండు ఆసుపత్రులు

1918 మే 17 వ తేదీన కాంకేలో యూరోపియను పిచ్చాసుపత్రి తెరువబడినది. మొదట అచ్చట 174 మంది రోగులకు వసతి ఉండెను. వారిలో 92 మంది పురుషులు, 82 మంది స్త్రీలు. ఎత్తైన పీఠభూమి, చల్లని వాతావరణము, విశాలమైన ఆవరణ. 1919 అక్టోబరులో ఓవెన్ బర్కిలీ-హిల్ అను సైనిక వైద్యుడు దానికి సూపరింటెండెంటుగ వచ్చి 1934 వరకు పనిచేసెను.

ఈ వైద్యుని కృషి గొప్పది. పిచ్చాసుపత్రి అను పేరు పోయి మానసిక చికిత్సాలయమను పేరు వచ్చుటకు పట్టుపట్టినది ఆయనయే. 1920 లో రోగుల దినచర్యను ఒక పట్టికలో గుర్తించుచు, మంచి అలవాట్లను ప్రోత్సహించు పద్ధతిని పెట్టెను. 1922 లో వృత్తి చికిత్సా విభాగము, మరుసటి ఏడు జలచికిత్స ఏర్పడెను. అంతకుముందు మన ఆసుపత్రులలో పని అనగా భారతీయ రోగుల చేత తోటపని, నేతపని చేయించుటయే. తెల్లవానికి కాయకష్టము తగదని వినోదములు కల్పించెడివారు. పనియు చికిత్సయే అని, ఏ రంగు చేతులకైనను అది మేలు చేయుననియు గుర్తించుట పెద్ద మార్పు. 1922 లోనే ఈ ఆసుపత్రి లండను విశ్వవిద్యాలయపు మానసిక వైద్య డిప్లమాకు గుర్తింపు పొందినది. అదే ఏట గిరీంద్రశేఖర బోసు కలకత్తాలో స్థాపించిన భారతీయ మనోవిశ్లేషణ సంఘములో బర్కిలీ-హిల్ సభ్యుడయ్యెను.

ఈయన మలబారుకు చెందిన హిందూ స్త్రీని వివాహమాడెను. తన ఇంటిలో దాటిన గీతను ఆయన తన ఆసుపత్రి ద్వారమున తుడిచివేయలేకపోయెను. అది ఒక వైద్యుని చేతిలోని పని కాదు. ఆసుపత్రికి ధనమిచ్చు ప్రభుత్వముల నియమము అది. యూరోపియనులకు, ఆంగ్లో-ఇండియనులకు మాత్రమే అచ్చట ప్రవేశము.

ఈ నియమమునే కొంచెము పరీక్షింతము. ఆంగ్లో-ఇండియనులు మిశ్రమ సంతతివారు. అన్నదమ్ములలోనే ఒకని రంగు తెలుపు, మరియొకని రంగు చామనచాయ కావచ్చును. ఎవరు లోపలివారు, ఎవరు బయటివారు అని తేల్చునది రక్తపరీక్షయా? నాడీపరీక్షయా? రెండును కావు. పేరు, వంశము, దుస్తులు, అలవాట్లు. వైద్యుడు ఒక రోగికి వ్యాధి నిర్ణయము చేయుటకు ఇవి యేవియు పనికిరావు. ప్రవేశమునకు కొలత ఒకటి, చికిత్సకు కొలత ఇంకొకటి ఐనప్పుడు మొదటిదానికి శాస్త్రముతో సంబంధము లేదని స్పష్టము.

ధంజీభాయి చేసిన పని

1925 లో కాంకేలోనే భారతీయ మానసిక చికిత్సాలయము తెరువబడినది. బీహారు-ఒరిస్సా, బెంగాలు రోగులు దీనికి చేరిరి. దీని సూపరింటెండెంటు జాల్ ఎదుల్జీ ధంజీభాయి. ఈయన పార్సీ, ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందినవాడు. ఇంతటి సంస్థకు ఒక భారతీయుని అధిపతిగ నియమించుట ఆనాడు అరుదు.

రెండు ఆసుపత్రుల పరిమాణమును పోల్చి చూడవలెను. యూరోపియను ఆసుపత్రి రోగులు వందలలో ఉండిరి. భారతీయ ఆసుపత్రి రోగులు క్రమముగ 1,300 వరకు పెరిగి, అది దేశములోని అతిపెద్ద మానసిక చికిత్సాలయములలో ఒకటి అయ్యెను. మొదటిది కొద్దిమంది తెల్లవారి కొరకు పలు రాష్ట్రములు కలిసి పోషించినది. రెండవది కోట్ల జనాభా గల రెండు రాష్ట్రముల భారమును మోసినది.

ఐనను ధంజీభాయి చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఐరోపా, అమెరికాలలోని ఆసుపత్రులను స్వయముగ చూచి వచ్చెను. వృత్తి చికిత్సను పెంచెను. 1930 దశకములో హంగరీ వైద్యుడు లాడిస్లాస్ మెడూనా కనిపెట్టిన కార్డియజోల్ చికిత్సను ఆలస్యము చేయక తన ఆసుపత్రిలో ప్రవేశపెట్టి, ఫలితములను వైద్యపత్రికలలో ప్రకటించెను. రోగికి మూర్ఛ తెప్పించు ఈ చికిత్స ఎంతో భయము కలిగించెడిది. తరువాత మంచి పద్ధతులు రాగా వదలివేయబడినది. కావున దానిని గొప్ప వరమని ఇప్పుడు పొగడవలసిన పని లేదు. చెప్పదలచినది వేరు. ప్రపంచములోని ఏ ఆసుపత్రిలో ఏ ప్రయత్నము జరుగుచున్నను, దానిని భారతీయ రోగులకు చేయుటకు ‘భారతీయ మనస్సు’ అను అడ్డంకి ఏదియు ఆయనకు కనబడలేదు. తెల్లవారి వైద్యగ్రంథములలో వర్ణింపబడిన వ్యాధులే ఆయన వార్డులలోనూ ఉండెను. వాటికి ఆ పేర్లే సరిపోయెను.

గోడకు ఒకవైపు ఉన్నవారికి వేరు మనస్సు ఉన్నదను సిద్ధాంతమును పరీక్షించుటకు ఇంతకంటె మంచి ప్రయోగశాల దొరకదు. గాలి ఒకటే, నేల ఒకటే, కాలము ఒకటే. తేడా అంతయు పడకల సంఖ్యలోను, ధనములోను, పరిచారకుల సంఖ్యలోను ఉండెను. ఒకే రకపు విత్తనమును రెండు మళ్ళలో చల్లి, ఒక మడికే నీరు పెట్టి, రెండవ మడిలోని విత్తనము చెడ్డదనుట ఎట్టి వాదమో, చికిత్సలోని తేడాను విచారింపక జాతి స్వభావమును నిందించుట అట్టి వాదమే.

సముద్రముల కవతల

ఇట్టి ఏర్పాటు మన దేశములోనే జరుగలేదు. అమెరికాలో బానిసత్వము రద్దైన పిమ్మట, 1870 లో వర్జీనియా రాష్ట్రము నీగ్రోలని ఆనాడు పిలువబడిన నల్లజాతివారి కొరకు ప్రత్యేకముగ ఒక పిచ్చాసుపత్రిని ఏర్పరచినది. మేరీలాండ్ రాష్ట్రములోని క్రౌన్స్‌విల్ ఆసుపత్రి కథ మరింత విచారకరము. 1911 లో మొదటి 12 మంది రోగులను తెచ్చి, వారి చేతనే అడవి కొట్టించి ఆసుపత్రిని కట్టించిరి. 1940 దశకము చివరివరకు రోగులందరు నల్లవారు, ఉద్యోగులందరు తెల్లవారు. 1955 నాటికి అచ్చట 2,700 మందికి పైగా రోగులు క్రిక్కిరిసి ఉండిరి.

జీవశాస్త్ర విద్యార్థులకు హీలా కణములు తెలియును. 1951 లో హెన్రియెట్టా లాక్స్ అను నల్లజాతి స్త్రీ కణితినుండి తీసిన ఈ కణములు నేటికిని ప్రపంచపు ప్రయోగశాలలలో పెరుగుచున్నవి. ఆమె కుమార్తె ఎల్సీ క్రౌన్స్‌విల్ రోగులలో ఒకతె. 1955 లో, 15 ఏండ్ల ప్రాయమున, అచ్చటనే మరణించినది. తల్లి కణములు కోట్లాది ప్రజలకు టీకాల రూపమున మేలు చేయుచుండగా కూతురు క్రిక్కిరిసిన వార్డులో కనుమూసినది. 1960 దశకపు ప్రారంభమున ఆ రాష్ట్రములో జాతి విభజన తొలగినది. ఆసుపత్రి 2004 లో మూతపడినది.

అమెరికాలోను లెక్కలు గోడకు సున్నము వలె ఉపయోగపడెను. 1840 జనాభా లెక్కలలో, స్వేచ్ఛ పొందిన నల్లవారిలో పిచ్చి మిక్కుటమని తేలినది. బానిసత్వమే వారికి మేలని రాజకీయ నాయకులు దీనిని ఉదాహరించిరి. ఎడ్వర్డ్ జార్విస్ అను వైద్యుడు ఆ పట్టికలను ఊరివారీగ పరిశీలించెను. నల్లవారు ఒక్కరును నివసింపని ఊళ్ళలో పిచ్చివారైన నల్లవారు ఉన్నట్లు అచ్చైనది! తప్పు బయటపడినను ప్రభుత్వము ఆ లెక్కలను ఉపసంహరింపలేదు. గంజాయి గడివలెనే ఇచ్చటను ముందుగా అభిప్రాయము ఉన్నది, తరువాత అంకె వచ్చినది.

గోడ పడిన తీరు

రెండవ ప్రపంచ యుద్ధకాలమున సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన మన దేశపు ఆరోగ్యస్థితిని విచారించుటకు ఒక సంఘమును నియమించిరి. మానసిక చికిత్సాలయములను గూర్చి నివేదిక వ్రాయు పని రాంచీ యూరోపియను ఆసుపత్రి సూపరింటెండెంటు మూర్ టేలర్‌కు అప్పగింపబడినది. ఆయన దేశమంతయు తిరిగి చూచెను. పెక్కు ఆసుపత్రులు రోగిని బంధించి ఉంచుటకే కట్టబడినవనియు, నయము చేయుటకు కాదనియు నిర్మొహమాటముగ వ్రాసెను. దేశములో అందుబాటులో ఉన్న మంచి వసతులను అనుభవించుచుండిన సంస్థ అధిపతియే ఇట్లు వ్రాయుట గమనింపదగినది.

1946 లో ప్రకటింపబడిన భోర్ నివేదిక ప్రకారము దేశమంతటికి పడకలు పదివేల పైచిలుకు మాత్రమే. సుమారు 40,000 జనాభాకు ఒక పడక. ఇంగ్లండులో 300 మందికి ఒకటి. ఈ లెక్కను మన ఊళ్ళకు అన్వయించుకొనవచ్చును. రెండువేల జనాభా గల గ్రామములు ఇరువదింటికి కలిపి ఒక్క పడక. ఇంగ్లండులో అట్టి గ్రామము ఒక్కదానికే ఆరేడు పడకలు. రాంచీలోని రెండు ఆసుపత్రుల నడుమ ఉండిన గోడకంటె పెద్ద గోడ ఈ అంకెలలో ఉన్నది.

స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి ఏడు, 1948 లో, యూరోపియను ఆసుపత్రి పేరు మారి అంతర్ రాష్ట్రీయ మానసిక చికిత్సాలయమైనది. జాతి నియమము పోయినది. అదియే నేటి కేంద్రీయ మానసిక వైద్య సంస్థ. ధంజీభాయి నడిపిన ఆసుపత్రియు రాష్ట్ర ప్రభుత్వపు ఉన్నత వైద్యవిద్యాసంస్థగ ఎదిగినది. రెండును కాంకేలోనే ఉన్నవి. రెంటిలోను ఎవరైనను చేరవచ్చును.

ఇంతలో ఔషధశాస్త్రము ఒక చిత్రమైన సాక్ష్యమును తెచ్చినది. బీహారు పల్లెలలో పిచ్చికి మందుగ వాడు సర్పగంధ వేరును గూర్చి 1931 లో గణనాథ సేను, కార్తిక చంద్ర బోసు అను వైద్యులు ఒక వైద్యపత్రికలో వ్రాసిరి; అది ఉన్మాదమును, రక్తపు పోటును తగ్గించుచున్నదని తెలిపిరి. 1952 లో స్విట్జర్లాండు రసాయన శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రిసర్పిన్ అను పదార్థమును వేరుచేసిరి. 1954 నాటికి నేథన్ క్లైన్ అను వైద్యుడు దానిని న్యూయార్కులోని ఒక ఆసుపత్రి రోగులపై ప్రయోగించి మంచి ఫలితములను చూచెను. 1952 లోనే పారిస్‌లో జీన్ డిలే, పియర్ డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రొమజీన్ అను మందుచే తీవ్ర ఉన్మాదము తగ్గుచున్నదని కనుగొనిరి. సర్పగంధ తెల్లవాని మెదడుపై పనిచేసినది. ఫ్రాన్సు మందు భారతీయుని మెదడుపై పనిచేసినది. రిసర్పిన్ వాడుక తరువాత తగ్గినను, అది చెప్పిన సంగతి నిలిచినది. మెదడులో నాడీకణము నుండి నాడీకణమునకు వార్తలను మోయు రసాయనములు అన్ని జాతులలోను ఒకటే.

మిగిలిన గోడ

జాతిగోడ పడినను పాత చట్టము చాలకాలము మిగిలినది. 1912 నాటి ఉన్మత్తుల చట్టము 1987 లో క్రొత్త చట్టము చేయువరకు, ఆచరణలో 1993 వరకు సాగినది. 2017 లో చేయబడి 2018 లో అమలునకు వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని హక్కులు గల పౌరునిగ గుర్తించినది. మతము, కులము, లింగము, వర్గము మున్నగు భేదములు లేక ప్రతివానికి ప్రభుత్వ చికిత్స పొందు హక్కు కలదనియు, రోగిని గొలుసులతో కట్టరాదనియు అది శాసించినది.

చికిత్స కూడ ఊరికి దగ్గరగ వచ్చినది. 1980 దశకములో తెలుగువారును విరివిగ నివసించు బళ్ళారి జిల్లాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకు తరిఫీదు ఇచ్చి మానసిక రోగులకు అచ్చటనే మందులు ఇచ్చు ప్రయత్నము జరిగి సఫలమైనది. దాని ఆధారముననే 1996 లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము ప్రారంభమైనది. నందిగామ, జగ్గయ్యపేటల రోగి నేడు వాల్తేరు వరకు పోనక్కరలేదు, ఎన్.టి.ఆర్. జిల్లాలోనే విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము కలదు. 2022 నుండి 14416 అను సంఖ్యకు ఉచితముగ టెలిఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును.

ఐనను 2015–16 లో జరిగిన జాతీయ సర్వేలో, పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక వ్యాధితో ఉన్నారనియు, వ్యాధి రకమును బట్టి వారిలో నూటికి 70 నుండి 92 మంది వరకు చికిత్స పొందుట లేదనియు తేలినది. దీనికి వైద్యుల కొరత ఒక కారణము. రెండవ కారణము సిగ్గు. ఇంటిలో ఒకరికి మతి స్థిమితము లేదని తెలిసిన ఆడపిల్లకు సంబంధము రాదనియు, ఇరుగుపొరుగు చులకన చేయుదురనియు కుటుంబములు రోగిని దాచివేయుచున్నవి. బుద్ధి తప్పిన తెల్లవానిని ప్రజల కంట పడనీయరాదని ఓడ ఎక్కించిన కంపెనీ పాలకులును ఇదే భయముతో ఆ పని చేసిరి. ప్రతిష్ఠ కొరకు రోగిని మరుగుపరచుట ఆనాడు ప్రభుత్వము చేసినది. నేడు పెక్కు ఇండ్లు చేయుచున్నవి.

ఈ విషయమున పాఠశాలలు చేయగల పని కలదు. శరీరధర్మశాస్త్రములో మెదడును గూర్చి బోధించునపుడు, గుండెకు జబ్బు వచ్చినట్లే మెదడునకును జబ్బు వచ్చునని ఉపాధ్యాయుడు ఒక మాట చెప్పవచ్చును. గణితములో శాతములు నేర్పునపుడు 1892 నాటి 222 ఎట్లు 98 అయినదో చెప్పి, అంకె వెనుకనున్న గడిని విచారించుట నేర్పవచ్చును. తరగతిలో ఒక విద్యార్థి కొన్ని వారములుగ చదువు మాని, ఎవరితోను మాట్లాడక, నిద్రలేక బాధపడుచున్నచో అతనిని సోమరి అని గాని, పొగరుబోతు అని గాని అనక, తల్లిదండ్రులకు నచ్చజెప్పి వైద్యుని వద్దకు పంపవచ్చును. పూర్వము నందిగామ రోగి మొదట పోలీసును, పిదప మేజిస్ట్రేటును, అటుపిమ్మట వైద్యుని చూచెడివాడు. అతడు మొట్టమొదట వైద్యునే చూచునట్లు చేయుట ఇప్పుడు మన చేతిలో ఉన్నది.